1,400 పుస్తకాలు, అట్ట ఊడిన ఒక చందమామ

ఈ వారం ఉత్తరం తెనాలి నుంచి వచ్చింది. రాసినావిడకు 37 ఏళ్లు. ఒక సంస్థకు ఇంట్లో కూర్చునే లెక్కలు చూసిపెడతారు. ఇంట్లో భర్త, నాలుగో తరగతి చదువుతున్న తొమ్మిదేళ్ల పాప, అత్తమామలు ఉంటారు. మామగారు రిటైరైన తెలుగు మాస్టారు. పేరూ వివరాలూ వద్దన్నారు కనుక ఇంతకు మించి చెప్పను. ఉత్తరం ఆరు పేజీలుంది. ముఖ్యమైనది క్లుప్తంగా ఇస్తున్నాను, కొన్నిచోట్ల ఆవిడ మాటల్లోనే.

పాపకు మంచి పుస్తకాలు అందించాలని ఈ తల్లి రెండేళ్లుగా ఇంటర్నెట్‌ను జల్లెడ పడుతున్నారు. రాత్రి పది దాటాక, వంటిల్లు సర్దుకుని ఫోను పట్టుకుంటారు. స్టోరీవీవర్‌లో బొమ్మల కథలు, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పాత పుస్తకాల స్కానులు, పనికిరాని వస్తువులతో సైన్సు బొమ్మలు చేయించే అరవింద్ గుప్తా సైటులో సైన్సు పుస్తకాలు, వాట్సాప్ గ్రూపుల్లో ఎవరెవరో పంపే పీడీఎఫ్‌లు. దొరికినదాన్నల్లా దించుకుని వయసును బట్టి, విషయాన్ని బట్టి 32 ఫోల్డర్లలో సర్దారు. ఒక్క సైన్సుకే ఆరు ఫోల్డర్లు. మొత్తం లెక్క 1,400 దాటింది. పాపకు ఒక ట్యాబ్ కొనిచ్చారు. రోజుకు ఒక పుస్తకం చదవాలి. చదివాక ఒక నోటుపుస్తకంలో తేదీ, పుస్తకం పేరు, పేజీల సంఖ్య, అయిదు కొత్త మాటలు, రెండు వాక్యాల్లో కథ రాయాలి. ఇదీ ఏర్పాటు.

పోయిన నెల ఒకరోజు ముందురోజు రాసిన కథ గురించి ఏదో అడిగితే పాప నోరు విప్పలేదు. అనుమానం వచ్చి చూస్తే, మూడు వారాల్లో పదకొండు పుస్తకాలకు పాప రాసిన 'కథ' వెనక అట్ట మీది పరిచయ వాక్యాలే. "ముత్యాల్లాంటి అక్షరాలతో పదకొండు అబద్ధాలు" అని రాశారావిడ. కోపంలో ఒక దెబ్బ కూడా వేశారు. అది చూసి మామగారు నవ్వుతూ, "చదవకుండానే రాయడం వచ్చేసిందంటే మనవరాలు పెద్ద రచయిత్రి అవుతుందన్నమాట" అన్నారట. ఆ మాట ఈవిడకు గుచ్చుకుంది. అప్పటి నుంచి మామగారితో ముక్తసరి మాటలే.

ట్యాబ్‌లో పుస్తకం ముట్టని ఆ పాపే రోజూ రాత్రి ఎనిమిదిన్నరకు తాతయ్య మంచమెక్కి, ఆయన దాచుకున్న పాత చందమామల బైండు తీయిస్తుంది. దాని అట్ట ఊడింది, పేజీలు పసుపు తిరిగాయి. తాతయ్య వాక్యం కింద వేలు నడుపుతుంటే పాప పైకి చదువుతుంది. అవే కథలు, మళ్లీ మళ్లీ. "రాజులు, రాక్షసులు, చెట్టు మీద శవం. ఇందులో పిల్ల నేర్చుకునేది ఏమిటి? మొన్న ముగ్గురు యువకులు, చచ్చి బతికిన అమ్మాయి అని ఏదో కథ మామగారు నోటితో చెప్పారు. పెళ్లి ఎవరితో జరగాలని పాప ఆయనతో అరగంట వాదించింది. పది దాటినా పడుకోలేదు. మర్నాడు స్కూలు బస్సు తప్పిపోయింది."

అయిదో పేజీలో, వేటికీ సంబంధం లేనట్టు, ఒక మాట ఉంది: "మా ఊళ్లో గ్రంథాలయం ఉండేది. పిల్లల పుస్తకాలు అద్దాల బీరువాలో ఉండేవి. అయిదేళ్లు వెళ్లినా దాని తాళంచెవి ఎవరి దగ్గరుందో నాకు తెలియలేదు. మా అమ్మాయికి ఆ గతి పట్టకూడదనుకున్నాను."

పాప అబద్ధాలకు అలవాటు పడుతోందా, ట్యాబ్ తీసేయాలా, ఆ చందమామ గోల ఆపమని మామగారికి నొప్పి కలగకుండా ఎలా చెప్పాలి అని అడిగారు. చివర ఇంకొకటి: "ఇంతకీ నేను చేసినదాంట్లో తప్పేముంది?"

అమ్మా,

పాప చేసింది మోసమే, పేరు మార్చి చెప్పను. అయితే ఆ పదకొండు పేజీలనూ కోపం తగ్గాక ఇంకోసారి తిరగేయండి. వెనక అట్ట మీద నాలుగైదు వాక్యాలుంటాయి. వాటిలో ఏ రెండు రాస్తే అమ్మ నమ్ముతుందో ఏరుకుంది. అయిదు కొత్త మాటలు ఎక్కడి నుంచి తెచ్చిందో మీరు రాయలేదు కానీ, అవీ ఎక్కడో సంపాదించింది. తొమ్మిదేళ్ల పిల్ల మూడు వారాలు ఈ వ్యవహారం నడిపిందంటే ఏది పనికొస్తుందో చదివి పోల్చుకునే తెలివికి లోటు లేనట్టే. మీ నోటుపుస్తకం ఏమి కోరుతోందో కనిపెట్టి, కోరినంతే ఇచ్చింది. లెక్కలు చూసేవారు మీరు. ఆడిట్‌కు ముందురోజు వోచర్లు ఎలా పుడతాయో మీకు నేను చెప్పాలా?

ఇలాంటి నోటుపుస్తకం నేనూ పెట్టాను. పాతికేళ్లు ఒక శాఖా గ్రంథాలయంలో పనిచేశాను. ఒక వేసవిలో, ఎక్కువ పుస్తకాలు చదివిన పిల్లలకు బహుమతి అని బోర్డు రాయించాను. ఒక అబ్బాయి నెలలో 60 పుస్తకాలు తీసుకుని 60 తిరిగిచ్చాడు. రిజిస్టరులో అంకె చూసి పొంగిపోయి పైవారికి నివేదిక కూడా పంపాను. అదే నెలలో రోజూ మధ్యాహ్నం కిటికీ పక్కన కూర్చుని, ఒకే జంతువుల బొమ్మల పుస్తకం తీసి చూసుకునే చిన్న పిల్ల ఒకతె ఉండేది. బహుమతుల రోజున ఆ పిల్ల కూడా అందరితోపాటు చప్పట్లు కొట్టింది. మర్నాటి నుంచి రాలేదు. ఊరెళ్లిందేమో, జ్వరమొచ్చిందేమో. నేను మాత్రం ఆ బోర్డు మళ్లీ రాయించలేదు.

మిగతా విషయాలకు ముందు ఒక్క సంగతి తేల్చుకోండి. ఏదో ఒక ఆదివారం, పరీక్షలా కాకుండా, పాప చేత అరపేజీ ఇంగ్లీషు, అరపేజీ తెలుగు పైకి చదివించుకోండి. వరసలు తప్పిపోతోందా, మొదటి అక్షరం చూసి మిగతా మాట ఊహించేస్తోందా, ఒత్తు వచ్చినచోటల్లా ఆగిపోతోందా గమనించండి. అలా ఉంటే ముందు కళ్ల డాక్టరుకు చూపించి, తర్వాత క్లాసు టీచరుతో మాట్లాడి, అప్పటికీ తేలకపోతే పిల్లల చదువు ఇబ్బందులు చూసే నిపుణుల దగ్గరికి వెళ్లండి. చదవడం కష్టమైన పిల్లలు కూడా ఇలాగే తప్పించుకుంటారు. తాతయ్య పక్కన హాయిగా చదువుతోందని మీరే రాశారు కనుక మీ పాప విషయం అది కాదనే నాకు తోస్తోంది.

ఇక ఆ నోటుపుస్తకాన్ని ఏమి చేయాలి? ఇలాగే ఉంచి తనిఖీ బిగించవచ్చు. అప్పుడు పాప వెనక అట్టతో సరిపెట్టుకోకుండా మధ్య పేజీల నుంచి కూడా రెండు ముక్కలు తెచ్చి అతుకుతుంది. ఆమె నేర్పు పెరుగుతుంది, పుస్తకం మీద ఇష్టం పెరగదు. లేదా పూర్తిగా ఎత్తేయవచ్చు. నా మొగ్గు దీనివైపే, కానీ అనుకున్నంత తేలిక కాదు. ఎత్తేసిన మర్నాడే పాప పరుగెత్తుకొచ్చి పుస్తకం పట్టుకోదు. నెల దాకా ఏమీ జరగనట్టే ఉంటుంది. మీకు చేతులు దురద పెడతాయి. ఆ నెల ఓర్చుకోగలననుకుంటేనే ఎత్తేయండి. పదో రోజున మనసు మార్చుకుని మళ్లీ గడులు గీశారంటే, ఈసారి మీ మాట మీద నమ్మకం పోతుంది. మరో దారి ఉంది. ఆ నోటుపుస్తకం ఆమెకే ఇచ్చేసి, ఇకమీదట నేను చూడను అని చెప్పి, నిజంగానే చూడకపోవడం. అందులో పిల్లుల బొమ్మలు వేసుకుంటుందో, మీ మీద చాడీలు రాసుకుంటుందో. అదీ రాతే కదా.

ఇప్పుడు మీకు రుచించని సంగతికి వస్తున్నాను. మీరు ఫిర్యాదుగా రాసిన ఆ అరగంట వాదన ఉందే, ఆరు పేజీల్లోనూ నన్ను ఆపి రెండోసారి చదివించింది అదొక్కటే. ఆ కథ నాకు తెలుసు. పాత బేతాళ కథల్లోది. ముగ్గురు ఒకే అమ్మాయిని చేసుకోవాలనుకుంటారు. పెళ్లి కాకుండానే ఆమె చనిపోతుంది. ఒకడు శ్మశానంలో ఆమె బూడిద దగ్గరే ఉండిపోతాడు. ఒకడు అస్థికలు తీసుకుని గంగకు వెళతాడు. మూడోవాడు దేశాలు తిరిగి, చచ్చినవారిని బతికించే మంత్రం సంపాదించుకొస్తాడు. అమ్మాయి లేచి కూర్చుంటుంది. ఇప్పుడామె ఎవరికి భార్య కావాలి? ప్రాణం పోసినవాడు తండ్రితో సమానం, అస్థికలు మోసినవాడు కొడుకుతో సమానం, బూడిదను విడవనివాడే భర్త అని విక్రమార్కుడి తీర్పు. నాకు చిన్నప్పటి నుంచి ఆ తీర్పు మింగుడుపడలేదు. అమ్మాయిని ఒక్కమాట అడిగితే పోయేది.

మీ నోటుపుస్తకం అడిగే ప్రశ్నకు జవాబు మీకు ముందే తెలుసు. మీకు తెలుసని పాపకూ తెలుసు. ఇక ఆమెకు మిగిలింది ఒప్పజెప్పడమే. బేతాళుడు అలా అడగడు. చిక్కుముడిని తేల్చకుండా చేతిలో పెట్టి, న్యాయం ఎటుందో నువ్వే చెప్పమంటాడు. చెప్పాలంటే కథ మొత్తం మనసులో మళ్లీ తిప్పుకోవాలి. ఎవరు ఎంత కష్టపడ్డారు, ఎవరిది ప్రేమ, ఎవరిది పట్టుదల అని తూచుకోవాలి. కథ తలకెక్కనివారు అరగంట వాదించలేరు. మీరు అయిదు గడుల్లో వెతుకుతున్న 'అర్థం చేసుకోవడం' అన్నది పక్క గదిలో రాత్రి పదిదాకా నడుస్తోంది. బస్సు తప్పిన మాట నిజమే. ఎనిమిదిన్నరను ఎనిమిదికి జరపండి.

అవే కథలు పదే పదే ఏమిటని మీ బాధ. ఇంగ్లండులో సస్సెక్స్ విశ్వవిద్యాలయంవారు 2011లో ఒక చిన్న పరిశోధన ప్రచురించారు. మూడేళ్ల పిల్లల్లో కొందరికి ఒకే కథను మళ్లీ మళ్లీ, కొందరికి వేర్వేరు కథలు వినిపించారు. కొత్త మాటలు మాత్రం రెండు జట్లకూ సమానంగానే చెవిన పడ్డాయి. ఒకే కథ విన్నవారికే ఆ మాటలు బాగా పట్టుబడ్డాయి. మీ పాప మూడేళ్లది కాదు కనుక దాన్ని అచ్చంగా ఆమెకు అంటగట్టను. నచ్చిన పాత సినిమా టీవీలో వస్తే మనం పని ఆపుకుని కూర్చుంటాం, అది ఎన్నోసారో లెక్క పెట్టుకోం.

తెనాలివారై ఉండి చందమామను గోల అన్నందుకు మీ మీద నాకు చిన్న అలక. 1947 జులైలో నాగిరెడ్డిగారితో కలిసి దాన్ని మొదలుపెట్టిన చక్రపాణిగారు మీ ఊరివారు. 1952 నుంచి, 1980లో కన్నుమూసేదాకా, వెనక ఉండి ఆ కథల భాషను తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావుగారూ మీ ఊరివారే. పొట్టి వాక్యాలు, తేలిక మాటలు, పిల్లలతో ఎక్కడా ముద్దుపలుకులు పలకని తీరు. ఇంగ్లీషు మీడియం పిల్లకు తెలుగు వాక్యపు నడక వినిపించే బడి మీ ఇంట్లో ఆ మంచం ఒక్కటే.

మీ అభ్యంతరంలో పస లేదని కాదు. అర్ధరాజ్యంతోపాటు రాజకుమార్తెను కూడా చేతిలో పెట్టేసే కథలు ఆ బైండ్లలో కొల్లలు. రాజు అన్నాక తెలివైనవాడే, రాక్షసుడు అన్నాక నల్లటివాడే. అందుకని మామగారిని ఆపమంటారా? అనవచ్చు. ఆయన ఒక్క మాట అనకుండా బైండు బీరువాలో పెట్టేస్తారు, తెలుగు మాస్టార్ల అభిమానం నాకు తెలుసు. మీకూ ఆయనకూ మధ్య ముక్తసరి మాటలు కూడా మిగలవు. దాన్ని మూయించింది అమ్మ అని పాపకు గుర్తుండిపోతుంది. అలాగే వదిలేయవచ్చు కూడా, పెద్ద నష్టమేమీ లేదు. ఇంకొకటి చేయవచ్చు. వారానికి ఒకటి రెండుసార్లు మీరూ ఆ మంచం పక్కన కుర్చీ వేసుకుని, బేతాళుడి కంటె ముందే మీ ప్రశ్న వేయండి. ఈ పెళ్లి రాజకుమార్తెకు ఇష్టమేనా అని అడగండి. ఒక్క ఇబ్బంది చెబుతాను. మీరు వెళ్లిన మొదటి రెండు మూడు రోజులు పాప నోరు మెదపదు. పరీక్ష ఇక్కడికీ వచ్చిందనుకుంటుంది. మీరు ప్రశ్న కూడా వేయకుండా బఠానీలు ఒలుచుకుంటూ వింటే ఆ బెరుకు తొందరగా పోతుంది.

ట్యాబ్ సంగతి. కాగితం, తెర అన్న తగవు మీద 2018లో ఒక పెద్ద సమీక్ష వచ్చింది. 2000 నుంచి 2017 దాకా వెలువడిన 54 అధ్యయనాలను, 1,70,000 మందికి పైగా పాఠకులను కలిపి చూశారు. కాగితం మీద చదివినవారికి అర్థమైనది కాస్త ఎక్కువని తేలింది. ఆ తేడా సమాచారం ఇచ్చే పాఠాల్లో, గడువు పెట్టి చదివించినప్పుడు ఎక్కువగా కనిపించింది. ఉత్త కథలు చదివినప్పుడు చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇప్పుడు మీ ఏర్పాటు చూసుకోండి. సైన్సు పుస్తకం, తెర మీద, రోజుకు ఒకటి చొప్పున గడువు. ఆ సమీక్షలో తెర ఎక్కడెక్కడ ఓడిందో సరిగ్గా అక్కడే పాపను కూర్చోబెట్టారు. ట్యాబ్‌ను బయట పారేయనక్కర్లేదు. కథలకు ఉంచండి, అదీ ఆమె అడిగినప్పుడు.

నచ్చినవాటిని కాగితం మీదికి దించే దారి కూడా మీ చేతిలోనే ఉంది. స్టోరీవీవర్‌ను ప్రథమ్ బుక్స్ సంస్థ 2015 సెప్టెంబరులో ప్రారంభించింది. అందులోని కథలు క్రియేటివ్ కామన్స్ అనుమతితో ఉంటాయి. రాసినవారి పేరు, బొమ్మలు వేసినవారి పేరు తీసేయకుండా దించుకోవచ్చు, ప్రింటు తీయించుకోవచ్చు, వేరే భాషలోకి మార్చనూవచ్చు. నెలకు మూడు చాలు, ఏ మూడో పాపే చెబుతుంది. జిరాక్సు షాపులో ప్రింటు తీయించి, మధ్యకు మడిచి, దబ్బనంతో మూడు చిల్లులు పొడిచి దారంతో కుట్టడమే. ఈ పని మామగారికి అప్పగించండి, పాతకాలపు మాస్టార్లకు కాగితాలు కుట్టడం వెన్నతో పెట్టిన విద్య. రంగులు వెలిసినట్టు వస్తాయి. మూడింటిలో రెండు మంచం కిందికి పోతాయి. మూడోదాని మీద పాప తన పేరు రాసుకుంటే గిట్టుబాటైనట్టే.

అరవింద్ గుప్తాగారి పుస్తకాలను మీరు 'సైన్స్ 4' అనే ఫోల్డరులో పెట్టానన్నారు. ఆయన చేయించేవి ఫోల్డరులో ఉండవలసినవి కావమ్మా, నేల మీద పరచుకోవలసినవి. సైకిలు వాల్వు ట్యూబు తెచ్చి చిన్న చిన్న ముక్కలు కోయండి. అగ్గిపుల్లల మందు గీకేయండి. ఒక్కో ముక్కలో రెండు వైపుల నుంచి రెండు పుల్లలు గుచ్చితే కీలు తయారవుతుంది. మూడు పుల్లలు, మూడు ముక్కలతో త్రిభుజం, నాలుగింటితో చతురస్రం. చతురస్రాన్ని వేలితో నెడితే ఒరిగిపోతుంది. త్రిభుజాన్ని ఎంత నెట్టినా ఆకారం మారదు. వంతెనల మీద, ఇళ్ల కప్పుల కింద ఎక్కడ చూసినా త్రిభుజాలే ఎందుకుంటాయో పాపకు వేలికొసన తెలిసిపోతుంది. తర్వాతి బొమ్మ ఎలా చేయాలన్న ఆత్రంతో పేజీ తిప్పుతుందే, అది చదువు. దానికి సారాంశం రాయమనకండి, నా మీద ఒట్టు.

వాట్సాప్‌లో చేతులు మారే పీడీఎఫ్‌ల గురించి ఒక మాట, కటువుగానే. వాటిలో చాలా మటుకు బతికున్న రచయితలవి, చిన్న ప్రచురణకర్తలు చెమటోడ్చి వేసినవి, అడగకుండా స్కాను చేసి పంచుతున్నవి. ఊరికే చేతికొచ్చినంత మాత్రాన ఊరికే తీసుకోవలసినవి కావు. తెలుగులో పిల్లలకు పుస్తకాలు వేసేవారే కొద్దిమంది. సికింద్రాబాదులో 'మంచి పుస్తకం'వారి లాంటి ఒకరిద్దరు పలుచటి పుస్తకాలను తక్కువ ధరకు వేస్తున్నారు. ఏటా జనవరి మొదట్లో విజయవాడలో పుస్తక మహోత్సవం జరుగుతుంది, మీకు రైలెక్కితే ఎంతసేపు? పాప చేతిలో కొంత డబ్బు పెట్టి, నీ ఇష్టం అని వదిలేయండి. స్టిక్కర్ల పుస్తకమో, దెయ్యాల కథలో కొంటుంది. ఆ బిల్లు దగ్గర మీ ముఖం ఎలా ఉంటుందో అదే మీకు పరీక్ష.

ఇక ఆ అద్దాల బీరువా.

ఇంత ఉత్తరంలో మీ గురించి మీరు రాసుకున్నది ఆ నాలుగు వాక్యాలే. రాత్రి పది తర్వాత మీరు తెరుస్తున్నది ఆ బీరువానేనేమో అనిపించింది. 1,400 పుస్తకాల్లో పాపకోసం దించినవెన్ని, అద్దానికి ముక్కు ఆనించి నిలబడ్డ ఆ పదేళ్ల అమ్మాయికోసం దించినవెన్ని? ఒకసారి ఫోల్డర్లు తెరిచి చూసుకోండి. సిగ్గుపడవలసింది ఏమీ లేదు. ఆకలి మీది, వడ్డించింది మాత్రం పాప విస్తట్లో. తప్పేముందని అడిగారు కనుక చెప్పాను, అంతే ఉంది. తాళంచెవి సంపాదించి బీరువా తెరిచారు, తెరిచాక అయిదు గడుల నోటుపుస్తకాన్ని కొత్త తాళంగా వేశారు.

ఆ వేట మానేయమని నేను అనను. మానేస్తే రోజు మొత్తంలో మీకంటూ మిగిలిన గంట పోతుంది, ఆ విసుగు మళ్లీ పాప మీదికే వస్తుంది. మీకోసమే కొనసాగించండి. నచ్చింది మీరే పూర్తిగా చదవండి. నవ్వొస్తే పైకి నవ్వండి, ఎందుకమ్మా నవ్వుతున్నావు అని ఎవరో ఒకరు అడుగుతారు. స్టోరీవీవర్‌లో ఒక చిన్న ఇంగ్లీషు కథను మీరే తెలుగు చేసి చూడండి. ఇంట్లో తెలుగు మాస్టారున్నారు, దిద్దుతారు. కాకపోతే లెక్కలు చూసేవారికి ప్రతి పనినీ పట్టికలోకి ఎక్కించే జబ్బు ఉంటుంది. నెలకు పది అనువాదాలు అని లక్ష్యం పెట్టుకున్నారంటే మళ్లీ మొదటికి వచ్చినట్టే. పాప దాన్ని చదవకపోయినా చిన్నబుచ్చుకోకూడదు.

చివరగా గ్రంథాలయం. మీ ఇంటి పన్ను రసీదు తీసి చూడండి. 1960 నాటి ప్రజా గ్రంథాలయాల చట్టం ప్రకారం పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలు చేస్తారు, జిల్లా గ్రంథాలయ సంస్థలు దాని మీదే నడవాలి. అంటే ఏళ్ల తరబడి మీరు చందా కడుతూనే ఉన్నారు. మీ ప్రాంతానికి ఇందులో చరిత్ర కూడా ఉంది. 1935లో గ్రంథాలయోద్యమంలో పనిచేసిన పాతూరి నాగభూషణంగారు మీకు దగ్గర్లోనే, కొల్లూరు వైపు కాలువల మీద, ప్రయాణికుల పడవల్లో పుస్తకాలు పెట్టించారు. దిగేదాకా చదువుకుని, దిగేటప్పుడు పడవలోనే వదిలి వెళ్లడమే. సారాంశం రాసి దిగమని ఎవరూ అనలేదు.

ఇప్పటి శాఖా గ్రంథాలయాల గురించి మీకు లేనిపోని ఆశలు కల్పించను. పొద్దున పేపర్ల కోసం పెద్దవాళ్లు, పగలంతా గ్రూప్ పరీక్షల కుర్రవాళ్లు. పిల్లల పుస్తకాలు ఎక్కడో వెనక ఉంటాయి. ముందుగా వేళలు, సెలవు రోజు కనుక్కుని పాపను తీసుకెళ్లండి. మొదటిసారి నిరాశగానే రావచ్చు. అక్కడ అద్దాల బీరువాకు తాళం ఉన్నా ఉండవచ్చు. ఉంటే ఈసారి తాళంచెవి ఎవరి దగ్గరుందని అడగండి. పాప పక్కనుండగా, వినబడేట్టు అడగండి. ఇంతకాలం ఆ ఉద్యోగం చేసినవాడిగా చెబుతున్నాను, అడిగేవారు లేకే చాలా తాళాలు తుప్పు పట్టాయి.

పాపకు పెద్ద ఉపన్యాసం వద్దు. కొట్టినందుకు తప్పయిందని చెప్పండి. నువ్వు రాసింది నిజం కాదని నాకు బాధ కలిగింది, కానీ అంత పని నీ నెత్తిన పెట్టింది నేనే అని రెండు ముక్కలు చాలు. వెంటనే ఏడ్చి కావలించుకుంటుందని ఎదురుచూడకండి, సరేనని ఆటకు పరుగెత్తవచ్చు. మామగారితో మాట భర్త ద్వారా కబురుగా వెళ్లకూడదు, అది ఇంకో తగవవుతుంది. ఆయన హాస్యం మిమ్మల్ని నొప్పించిందని ఆయనకు తెలిసి ఉండకపోవచ్చు. ప్రింటు తీసిన కాగితాలు, దారం ఆయన ముందు పెట్టి, వీటిని కుట్టిపెట్టండి మామగారూ, మీ మనవరాలికి అని అడిగితే, అటుపైన మాట దానంతట అదే సాగుతుంది. ఆ రోజు మీరు నవ్వడం నాకు కష్టమనిపించిందని కూడా అప్పుడే చెప్పేయండి. సూది దారం చేతిలో ఉన్న మనిషికి కోపం తక్కువ.

మళ్లీ ఉత్తరం రాసినప్పుడు ఒక్క విషయం తప్పకుండా రాయండి. ఆ ముగ్గురిలో ఎవరికి ఇచ్చి పెళ్లి చేయాలని పాప అరగంట వాదించిందో మీరు రాయలేదు. ఆ రాత్రి వంటింట్లోంచి వినే ఉంటారు. వినకపోతే పాపను అడిగి రాయండి.